రాళ్లగెడ్డ వారి గేటు దగ్గర బస్సు ఆగాలి

మా ముత్తాత రాళ్లగెడ్డ వీరభద్రం గారు కొండ కింద ఊళ్లకు శిస్తు వసూలు చేసే ముఠాదారు. ఆయన పల్లకీ వస్తోందంటే దారిలో ఎడ్లబళ్లు పక్క పొలాల్లోకి దిగిపోయేవట. మా తాతగారు సూర్యనారాయణ గారు గౌరవ మేజిస్ట్రేటు. సముద్రపు గాలి కోసం వాల్తేరు మిట్ట మీద బంగళా కట్టించి, తీరా కట్టాక ఆ గాలి తనకు పడదని కిటికీలన్నీ మూయించుకుని లోపల కూర్చునేవారు. మా నాన్నగారు ఏమీ కాలేదు. కానీ ఆ ఏమీ కాకపోవడాన్ని కోటు వేసుకుని, గొలుసు గడియారం పెట్టుకుని, ఎంతో హుందాగా నిర్వహించారు. ఆ వరుసలో నాలుగోవాణ్ణి నేను. నేను బస్సులో నిలబడ్డాను.

మిగతా వంశాలు గుర్రప్పందాల్లో మునిగాయి, పేకాటలో మునిగాయి, కోర్టు వ్యాజ్యాల్లో మునిగాయి. వాటికొక దర్జా ఉంది. సిటీ బస్సు మీద మునిగిన వంశం ఉత్తరాంధ్ర మొత్తంలో మాదొక్కటే అయి ఉంటుంది. ఎలా ముంచానో చెబుతాను. కూర్చునే వినండి, మీకా సౌకర్యం ఉంది.

ఎనభైల మొదట్లో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. అక్కడి స్టోర్సులో నాకు ఉద్యోగం. మా బంగళా ఊరికి ఈ చివర, కర్మాగారం ఆ చివర. మధ్యలో విశాఖపట్నం అనే నగరం అడ్డంగా పడుకుని ఉండేది. వాల్తేరు మిట్ట మీద ఎక్కితే రైల్వేస్టేషను, రేవు రోడ్డు, మల్కాపురం దాటి గాజువాకలో దిగాలి. అక్కడ ఇంకో బస్సు. రేవు దగ్గర ఇనుప ఖనిజం ధూళి వచ్చి మీద కూర్చునేది. ధూళికి సీటు దొరికేది, నాకు దొరికేది కాదు. తెల్ల చొక్కాతో బయల్దేరి ఇటుక రంగు చొక్కాతో ఇంటికి చేరేవాణ్ణి. చేపల గంపలు పాదాల మీద, ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో, నా చెయ్యి పైన కడ్డీకి. అలా వేలాడుతూ నిద్రపోవడం నేర్చుకున్నాను. గబ్బిలానికి తలకిందులుగా వచ్చే విద్య నాకు నిటారుగా వచ్చింది. ఎంత అలసినా పక్క సీటుకు మాత్రం వీపు ఆనించేవాణ్ణి కాదు. మా ఇంట్లో వీపు ఆనించి కూర్చున్న మగవాడు లేడని నాన్నగారు చెప్పేవారు. నేను నిలబడి కూడా ఆ నియమం పాటించాను.

ఇంత కష్టం ఎందుకు పడ్డారు, కర్మాగారం పక్కనే ఇల్లు తీసుకోవచ్చుగా అని మీరడుగుతారు. మా ఆవిడ సుభద్ర కూడా అదే అడిగింది. అక్కడికే వస్తున్నాను.

మా బంగళాలో అప్పటికి మాకు మిగిలినవి వెనక రెండు గదులు. ముందు భాగం కప్పు ఏ తుఫానుకో కూలిపోయింది. కానీ రోడ్డు మీద గేటు స్తంభాలు రెండూ నిలబడే ఉన్నాయి. ఒకదాని మీద సింహం, రెండోదాని మీద సింహం ఉండిన గుర్తు. తాతగారి కాలంలో ఊళ్లోకి మొదటి మోటారు బస్సు వచ్చినప్పుడు, రైతులు అర్జీలు పట్టుకుని వస్తారు కనుక మా గేటు దగ్గర బస్సు ఆగాలని ఆయన శాసించారట. ఆగింది. అప్పటినుంచి అది రాళ్లగెడ్డ వారి గేటు. బోర్డు లేదు, గుడిసె లేదు, బల్ల లేదు. కండక్టరు నోట్లో మాత్రమే ఉండే స్టాపు అది. రైతులు పోయారు, అర్జీలు పోయాయి, కచేరీ పోయింది. బస్సు మాత్రం ఆగేది. సాయంత్రం చీకటిపడే వేళ కండక్టరు అప్పలస్వామి బస్సంతా వినపడేలా "రాళ్లగెడ్డోరి గేటూ" అని కేక వేసేవాడు. నేనొక్కణ్ణే దిగేవాణ్ణి. ఆ కేక విన్నాక మోకాళ్లకు కొంచెం బలం వచ్చేది. పగలంతా స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టినవాణ్ణి, దిగే ఆ ఒక్క క్షణం ముఠాదారు మునిమనవణ్ణి.

ఒకరోజు ఆఫీసులో పిలిచి, కర్మాగారం టౌన్‌షిప్పులో నాకు క్వార్టరు వచ్చిందన్నారు. ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరం. రెండు పూటలా కుళాయి నీళ్లు. నెలాఖరులోగా ఔనో కాదో చెప్పాలి. నేను కాదంటే వరుసలో తర్వాతివాడు నూకరాజు. నూకరాజు స్టోర్సులో నా పక్క బల్లవాడు, ఆనందపురం దగ్గర రైతు కుటుంబం. నన్ను "బావా" అనేవాడు. నాకు ఆ వరుస నచ్చేది కాదు కానీ, బస్సులో నా సంచీ ఒళ్లో పెట్టుకునేది వాడే కాబట్టి ఊరుకునేవాణ్ణి.

ఇంటికొచ్చి చెప్పగానే సుభద్ర ముఖం వెలిగింది. ఎనభైల్లో విశాఖపట్నంలో కాపురం చేసినవాళ్లకు నీళ్లంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మా వీధి కుళాయి ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. సుభద్ర కూడా పేరున్న ఇంటి పిల్లే. అయినా తెల్లవారకముందే బిందె పట్టుకుని వరుసలో నిలబడేది. ఆ రాత్రే ఆవిడ పాత ట్రంకు పెట్టెలు దులిపింది.

మర్నాడు సాయంత్రం మా గేటు వచ్చినప్పుడు అప్పలస్వామి కేక వేయలేదు. నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"బాబూ, ఈ స్టేజీ ఎత్తీత్తారంట. మీరు తప్ప దిగీవోలు నేరు. వొచ్చే నెల ఇనస్పెట్రు బస్సెక్కి సూత్తాడంట. ఒక్క మనిసి కోసం బస్సు ఆపడవేటని డిపోలో ఒకటే గోల."

చూశారా, ఎలా వచ్చి తగులుకుందో. నేను క్వార్టరుకు వెళితే ఆ ఒక్క మనిషీ ఉండడు. ఎస్టేటు పోయినప్పుడు నేను పుట్టలేదు, పల్లకీ అమ్మినప్పుడు ఉయ్యాల్లో ఉన్నాను. కానీ బస్సు స్టాపు పోతే ఆ పాపం నాదే. మా పేరును పెద్ద గొంతుతో పలికే చోటు ప్రపంచంలో అదొక్కటే మిగిలింది. దాన్ని కాళ్లు నొప్పులని వదులుకుని పోతే పెద్దలకు ఏం సమాధానం చెప్పాలి?

ఇదంతా సుభద్రకు గంభీరంగా వివరించాను. ఆవిడ ట్రంకు పెట్టె మూత పట్టుకుని విన్నది.

"ఏవండీ, ఆ కండక్టరు కేకేస్తే నాకొక బిందెడు నీళ్లొస్తాయా?"

"నీళ్లు కాదు సుభద్రా, పరువు."

"పరువుతో పప్పు ఉడకదండీ. బియ్యం కూడా కడగలేం."

ఆవిడ పెట్టె మూత వేసింది. నిజానికి గట్టిగా వేయలేదు. గట్టిగా వేసి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

నూకరాజు ఇంకా సూటిగా చెప్పాడు. "బావా, నువ్వొద్దంతే కోటరు నాకే వొత్తాది. అయినా సెప్తన్నాను, వొద్దనకు. బస్సు ఆగితే ఏటి, ఆగపోతే ఏటి? నాను దిగే కాడ ఏ పేరూ నేదు. అయినా దిగతన్నాను కదా."

"నీకూ నాకూ తేడా ఉంది నూకరాజూ," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఒక చేత్తో కడ్డీకి వేలాడుతూ, రెండో చేత్తో ఎవరిదో కోడిని పట్టుకుని ఉన్నాను.

క్వార్టరు వద్దని చెప్పేశాను. ఆఫీసులో క్వార్టర్లు కేటాయించే కుర్చీలో ఉన్నాయన నన్ను రెండుసార్లు అడిగాడు. రెండోసారి మరింత నిటారుగా నిలబడి వద్దన్నాను.

ఇక స్టాపు నిలబెట్టాలి. అంటే మనుషులు దిగాలి. మనుషులు ఎందుకు దిగుతారు? మా తాతగారి కాలంలో అయితే భయంతో దిగేవారు. నా దగ్గర భయపెట్టే సామగ్రి లేదు. ఉన్నది ఆతిథ్యం. బస్సులో నిలబడి ప్రకటించాను: సాయంత్రం మా గేటు దగ్గర దిగినవాళ్లు కాఫీ, ఫలహారం పుచ్చుకుని వెళ్లాలి. బస్సు మొత్తం నన్ను అనుమానంగా చూసింది. ఆ రోజుల్లో ఊరికే ఏదైనా పెట్టేది ఓట్లవాళ్లే. మొదటిరోజు నూకరాజు దిగాడు, వాడి మీద గౌరవంతో మరో ఇద్దరు దిగారు. సుభద్ర ఉప్మా చేసింది. మరుసటి రోజుకు ఉప్మా మాట ఊళ్లో పాకింది. ఆ మర్నాడు గేటు దగ్గర బస్సు ఒక పక్కకు ఒరిగేంత మంది దిగారు. దిగినవాళ్లు చేతులు కడుక్కున్నారు. కాళ్లు కూడా కడుక్కున్నారు. ఒకాయన ముఖం కడుక్కుని, తల తడుపుకుని, "సల్లగా ఉన్నాయి నీల్లు," అని మెచ్చుకున్నాడు. అవి సుభద్ర తెల్లవారకముందు మోసిన నీళ్లు.

వారం తిరగకుండా ఆవిడ పొయ్యి ఆర్పేసింది. అరవలేదు, ఏడవలేదు. ఖాళీ బిందె తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ స్టాపుకి నేను చాకిరీ చేయలేనండీ. రేపటినుంచి వాళ్లు దిగితే మీరే వండండి."

నాకు కాఫీ కలపడం రాదు. మా ఇంట్లో మగవాళ్లు నేర్చుకోని విద్యల్లో అదొకటి. ఆ జాబితా పెద్దది. ఇనస్పెక్టరు రావడానికి ఇంకా రోజులున్నాయి, ఇక్కడ పొయ్యి ఆరిపోయింది. మర్నాడు దిగినవాళ్లు గేటు దగ్గర నిలబడి లోపలికి చూశారు. లోపలినుంచి ఏ వాసనా రాలేదు. పెళ్లికి వస్తే ముహూర్తం మారిందని తెలిసిన బంధువుల్లా ముఖాలు పెట్టుకుని వెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడు అప్పయ్యమ్మ వచ్చింది. బీచి రోడ్డులో బజ్జీలు వేసి అమ్ముకునే మనిషి. అక్కడ కొట్లు ఎక్కువైపోయాయట. ఇక్కడ సాయంత్రం జనం ఉత్తినే నిలబడి ఉంటున్నారని ఎవరో చెప్పారట. నెత్తి మీద మూకుడు, చంకలో పొయ్యి, చేతిలో శనగపిండి డబ్బాతో గేటు బయట నిలబడి అడిగింది.

"బాబూ, ఈ తంబం పక్కన కూకుని నాలుగు బజ్జీలు ఏసుకుంతాను. మీకేటీ అడ్డం కాదు. మీరు పొమ్మంతే పోతాను."

ఎవరైనా తెలివైనవాడైతే ఏం చేస్తాడు? సరే కూర్చో అంటాడు. ఇంకా తెలివైనవాడైతే అద్దె అడుగుతాడు. నేను రాళ్లగెడ్డ వీరభద్రం గారి మునిమనవణ్ణి. లోపలికి వెళ్లి, ముఖం కడుక్కుని, ఉత్తరీయం వేసుకుని బయటకు వచ్చాను. తూర్పు ముఖంగా నిలబడి, మా వంశం అడిగినవాళ్లకు మాన్యాలూ ఈనాములూ ఇచ్చిందనీ, ఆమెకు ఈ స్థలం ఆచంద్రార్కం ఇస్తున్నాననీ, ఎవరూ ఆమెను లేవదీయరాదనీ ప్రకటించాను. అప్పయ్యమ్మ దండం పెట్టింది. పక్కన నిలబడ్డ నూకరాజు కూడా ఎందుకైనా మంచిదని దండం పెట్టాడు. మా వంశంలో ఒకరు ఈనాము ఇచ్చి అర్ధశతాబ్దం దాటి ఉంటుంది. ఆ రాత్రి వీపు నొప్పి తెలియకుండా నిద్రపట్టింది.

సుభద్ర కిటికీలోంచి అంతా చూసింది. "ఆవిడే నయం," అంది. "నీళ్లు ఆవిడే తెచ్చుకుంటుంది."

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. మిరపకాయ బజ్జీ వాసనకున్న బలం మా తాతగారి శాసనానికి కూడా లేదు. సాయంత్రమయ్యేసరికి మా గేటు దగ్గర తిరునాళ్లు. బస్సు ఆగడం కాదు, ఆగి కదలనని మొరాయించేది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపితే అప్పయ్యమ్మ పొట్లం అందించేది. మెడికల్ కాలేజీ కుర్రాళ్లు వచ్చేవారు, రేవు నుంచి ఇంటికెళ్లే కళాసీలు వచ్చేవారు, సింహాచలం కొండ దిగి వస్తూ దర్శనం అయిన తృప్తితో కుటుంబాలకు కుటుంబాలు వచ్చేవి. నేను బస్సు దిగి, ఉల్లిపాయ తొక్కల మధ్య నడుస్తూ, ఇంత జనమా రాళ్లగెడ్డ వారి గేటుకు అనుకునేవాణ్ణి. అందరికీ తల పంకించేవాణ్ణి. కొందరు నేను కూడా బజ్జీల కోసం వచ్చాననుకుని వరుసలో వెనక నిలబడమన్నారు.

మీలో చురుకైనవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. అలసిపోయిన మనిషికి ఆలస్యంగా అర్థమవుతుంది. అలసట మీద అహంకారం కూడా ఉంటే అసలు అర్థం కాదు.

ఇనస్పెక్టరు వచ్చాడు. బస్సులోంచి దిగిన జనాన్ని చూశాడు, ఎక్కడానికి నిలబడ్డ జనాన్ని చూశాడు, ఒక పొట్లం తిన్నాడు, ఇంకో పొట్లం ఇంటికి కట్టించుకున్నాడు. ఇంత పెద్ద స్టేజీకి బోర్డు లేకపోవడం ఏమిటని అప్పలస్వామిని కోప్పడ్డాడు. ఎత్తేయడం మాట అటుంచి, రేకు బోర్డు పాతిస్తామన్నాడు.

బోర్డు! గాలిలో కేకగా ఉన్న మా పేరు రేకు మీదకు ఎక్కబోతోంది. తాతగారికి కూడా దక్కని గౌరవం. వచ్చే సోమవారం అని తెలిసి ఆఫీసుకు సెలవు పెట్టాను. నాన్నగారి కోటు తీశాను. అది కలరా ఉండల వాసన కొడుతోంది, భుజాల దగ్గర చిరుగు. అయినా వేసుకున్నాను. మా ముత్తాత పేరుతో ఒక కొబ్బరికాయ తెచ్చాను. సుభద్రను రమ్మంటే, "మీరు వెళ్లండి, నేను ఇక్కణ్ణించి చూస్తాను," అని కిటికీ దగ్గరే ఉండిపోయింది.

రిక్షాలో పెయింటరు వచ్చాడు. వెనక ఇనుప స్తంభం, దాని మీద బోర్డు. బోర్డు నాకు వెనక్కి తిరిగి ఉంది. గొయ్యి తీశారు, స్తంభం దింపారు, మట్టి కప్పారు. నేను కొబ్బరికాయ పట్టుకుని ముందుకు వెళ్లి తలెత్తి చూశాను.

పసుపు రేకు మీద నల్లటి అక్షరాలు. అప్పయ్యమ్మ బజ్జీలు.

బస్సు ఆగింది, అప్పలస్వామి దిగాడు, వాడూ బోర్డు చూశాడు. వాడి ముఖంలో నవ్వు లేదు. అందుకే వాడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

"ఇదేమిటి అప్పలస్వామీ?"

"ఇనస్పెట్రు బస్సులో అడిగేడండి బాబూ, ఇది ఏ స్టేజీ అని. అందరూ ఒకే మాట సెప్పీసినారు."

"నువ్వు చెప్పలేదా?"

"సెప్పేనండి. గేటంతే ఏ గేటన్నాడు. సూపించేను. ఈ మొండి తంబాలా అన్నాడు."

మా మాటలు విని అప్పయ్యమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. బోర్డు మీద ఏం రాశారో ఎవరో చెబితే, ఆమె ముఖం నాకంటే ఎక్కువ పాలిపోయింది.

"అయ్యో, నా పేరెందుకూ. తాత్తాతల కాడ్నించి బాబుగోరిది. ఒరే నాయినా, కింద బాబుగోరి పేరు కూడా రాసీ."

పెయింటరు బోర్డును పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "సోటు నేదు," అన్నాడు. "కింద బస్సు నెంబర్లు రాయాలి."

కిటికీలోంచి సుభద్ర పిలిచింది. "లోపలికి రండి. ఆ కోటు మీద నూనె చిందుతుంది."

కొబ్బరికాయ అప్పయ్యమ్మకిచ్చి లోపలికి వెళ్లాను. అప్పుడూ నిటారుగానే వెళ్లాను. ఆ సాయంత్రం ఆమె పొయ్యి ముందు కొట్టి, కొబ్బరి పచ్చడి చేసి బజ్జీల్లోకి పెట్టిందట. బాగా అమ్మిందట.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి క్వార్టరు మాట మళ్లీ ఎత్తాను. కుర్చీలో ఉన్నాయన నన్ను పాపం అన్నట్టు చూశాడు. నూకరాజు అప్పటికే అందులో చేరిపోయాడు. ఆ ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచాడు. వెళ్లాం. కొత్త సున్నం వాసన, వెడల్పాటి రోడ్లు, గాలి. సుభద్ర చెయ్యి కడుక్కుందామని వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. నీళ్లు వచ్చాయి. కట్టింది. మళ్లీ తిప్పింది. మళ్లీ వచ్చాయి. అలా నిలబడి నీళ్లను చూస్తూ ఉండిపోయింది. నూకరాజు నా పక్కకు వచ్చాడు.

"బావా, నాను సెప్పేను కదా."

"చెప్పావు," అన్నాను. తిరిగి వస్తుంటే బస్సులో సుభద్రకు సీటు దొరికింది. నాకు దొరకలేదు. మల్కాపురం దగ్గర ఆవిడ చెయ్యి చాపి నా సంచీ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఇంకో క్వార్టరు రావడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ అదే బస్సు, అదే ధూళి, అదే కడ్డీ. బోర్డు పడ్డాక అప్పలస్వామి కొన్నాళ్లు నా మీద జాలితో పాత పేరే కేక వేసి చూశాడు. కొత్త ప్రయాణికులు కంగారుపడి, బజ్జీల కొట్టు దాటిపోయిందా అని లేచి నిలబడేవారు. పాపం, వాడు మాత్రం ఎన్నాళ్లని వేస్తాడు? ఒక సాయంత్రం కడ్డీకి వేలాడుతూ గాఢంగా నిద్రపోయాను. అప్పలస్వామి వచ్చి భుజం తట్టాడు.

"బాబూ, బజ్జీల కొట్టు వొచ్చీసింది. దిగండి."

ఆ, ఆ అంటూ దిగాను. బస్సు వెళ్లిపోయాక గానీ ఏ పేరుకు దిగానో తెలియలేదు.

సింహాద్రి అప్పన్న సాక్షిగా, ఈ కథ చదివిన మీరంతా సాక్షులుగా, ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. రాళ్లగెడ్డ వంశంలో నేను గానీ, నా తర్వాతివారు గానీ, ఏ బస్సునూ, ఏ రైలునూ, చివరికి రిక్షాను కూడా, ఫలానా చోట ఆగమని శాసించం. అది ఎక్కడ ఆగితే అక్కడ దిగి, మిగతా దూరం నోరు మూసుకుని నడుస్తాం. ఎవరైనా ఇంటి దగ్గర కుళాయి ఉందంటే, వాళ్ల మాట పూర్తికాకముందే సరే అంటాం.

క్వార్టరు వచ్చిన ఏడాదే బంగళా అమ్మేశాం. వెనక రెండు గదులున్న స్థలం ఒక డాక్టరు కొన్నాడు. రోడ్డు వైపు ముక్క, గేటు స్తంభాలతో సహా, అప్పయ్యమ్మ కొన్నది.